సింగపూర్ వెళ్లొచ్చిన తెలుగు కరపత్రాలు

సింగపూర్‌లో నాలుగు రోజుల సదస్సుకు నా పేరు ఖాయమైతే, మా విభాగంలో కన్నా తార్నాకలోని మా చర్చి సంఘంలోనే ఎక్కువ సంబరం జరిగింది. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో వృక్షశాస్త్రం పాఠాలు చెబుతాను. మా అమ్మ లెక్కలో మాత్రం నేను వెళ్తున్నది సువార్త పనికే. వీసా కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టించింది. "ఒక్కరికన్నా ప్రభువు గురించి చెప్పి రా బిడ్డా. వచ్చినంక సంఘం ముందర సాక్ష్యం చెప్పాలె" అని పాస్టరుగారి ముందే నా దగ్గర మాట తీసుకుంది.

అక్కడికి చేరి సూట్‌కేసు తెరిస్తే బట్టల కింద సువార్త కరపత్రాల కట్ట ఉంది. అన్నీ తెలుగులో. ప్రతి దాని వెనకా అమ్మ తన ఫోన్ నంబరు పెన్నుతో రాసి పెట్టింది. ఆ దేశంలో ఇవి చదివేదెవరని ఆవిడకు తట్టనే లేదు. నాకు నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి. అయినా అమ్మ మాట తీసేయలేక కొన్ని హ్యాండ్‌బ్యాగులో పడేసుకున్నాను.

నిజం చెప్పాలంటే నేను ఆ పని ఊసే ఎత్తలేదు. సదస్సు ముగియడం ఆలస్యం, ఊరు చూడ్డానికి పరుగెత్తాను. గాజు గోపురాల కింద తోటలు, వాటి నిండా ఆర్కిడ్లు. ఇన్నేళ్లూ పుస్తకంలో బొమ్మలు చూపించి పాఠం చెప్పిన పూలను ముక్కు ఆనించి మరీ చూశాను. పక్కన నిలబడ్డ ఒక జపాను పెద్దావిడ తనంతట తానే మాట కలిపింది. ప్రభువు గురించి చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. ఆవిడకు నేను పూల గురించే చెప్పాను.

చివరి సాయంత్రం సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుని, కొన్న పింగాణీ సింహం బొమ్మలు పగలకుండా కాగితాల్లో చుడుతున్నాను. ఆ కాగితాలు ఏవో చెప్పక్కర్లేదనుకుంటాను.

"అక్కా, అది తెలుగేనా?"

బెంచీకి అటు చివర ముప్పై ఏళ్లతను, కాళ్లకు పని బూట్లు. జగిత్యాల దిక్కువాడట, ఓడలకు రంగులేసే పని. అంతకుముందు నాలుగేళ్లు అడిక్‌మెట్‌లో గది తీసుకుని, రోజంతా మా క్యాంపస్‌లోనే కూర్చుని సర్కారు నౌకరీ పరీక్షలకు చదివాడు. నేను అక్కడే పాఠాలు చెబుతానన్నాను.

"ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద గిప్పటికీ గట్లనే కూసొని చదువుతున్నరా?"

"కూసుంటున్నరు" అన్నాను.

ఇక ఆ పరీక్షల ముచ్చట, ఇక్కడికొచ్చిన ముచ్చట అన్నీ చెప్పుకొచ్చాడు. నేను అరగంట విన్నాను. లేచేటప్పుడు, తెలుగు అచ్చు చూడక చాలా రోజులైంది, ఒకటి ఇమ్మన్నాడు. ఒక సింహానికి చుట్టింది విప్పి, మడతలు సాపు చేసి ఇచ్చాను. అప్పుడైనా ప్రభువు మాట నా నోట రాలేదు. సిగ్గేసింది.

తిరిగొచ్చేసరికి అమ్మ ఊరంతా చాటేసింది. ఆదివారం నా సాక్ష్యం. ఆ వారమంతా పొద్దున్నే క్యాంపస్ చెట్ల కింద నడుస్తూ ఒక కథ అల్లాను. అందులో టాక్సీ డ్రైవరు ఒకడు నా ముఖంలో శాంతి చూసి, కారు ఆపి, కన్నీళ్లు పెట్టుకుంటాడు. గురువారానికల్లా వాడి మీసం కూడా నాకు కనిపించసాగింది. కంచంలో అన్నం మాత్రం పూటపూటా సగం వదిలేశాను.

"మన సహోదరి పరదేశంలో విత్తనాలు చల్లి వచ్చింది" అని పాస్టరుగారు నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. రెండో వరసలో అమ్మ కళ్లజోడు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. డ్రైవరు నాలుక చివరిదాకా వచ్చాడు. నా మీద నాకే ఒళ్లు మండింది.

"నేను ఎవ్వరికీ చెప్పలేదు" అన్నాను. "పూలు చూశాను. చాలా సంతోషంగా చూశాను. కరపత్రాల్లో బొమ్మలు చుట్టాను." ఆ అబ్బాయి సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేశాను.

పాస్టరుగారు అలవాటు కొద్దీ "ఆమేన్" అన్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వారం రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయి, హాయిగా ఊపిరి పీల్చుకుని వచ్చి కూర్చున్నాను. అమ్మ వైపు చూసే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఇంటికి వచ్చే ఆటోలో అమ్మ అసలు సంగతి చెప్పింది.

"ఆ పిలగాడు బుధవారమే నాకు ఫోన్ చేసిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వేం చెప్తవో చూద్దామని."

ఆ టాక్సీ డ్రైవరును మింగేసినందుకు దేవునికి మనసారా స్తోత్రం చెప్పుకున్నాను.

"ఏమన్నడు?"

"మీ బిడ్డ అరగంట నా ముచ్చట విన్నది, గీడికొచ్చినంక గంత సేపు నా మాట ఎవ్వరు వినలే అన్నడు. దేవుని గురించి ఆ పిలగానికి నేనే చెప్పిన తియ్. నువ్వు రేపు ఆ మెట్ల ఫోటో తీసి పంపు, చూస్తడట."

ఆ మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను.

సోమవారం మొదటి క్లాసు కాగానే ఆర్ట్స్ కాలేజీ ముందుకు వెళ్లాను. మెట్ల నిండా పుస్తకాలు ముందేసుకున్న పిల్లలు. ఫోటో తీసి, మెట్ల మీదే ఒక పక్కన కూర్చుని, అమ్మ ఇచ్చిన నంబరుకు పంపాను. కింద ఒక మాట రాశాను, మీ కోసం ప్రార్థన చేస్తాను తమ్ముడూ, అని.

జవాబు వెంటనే వచ్చింది. "చెయ్ అక్కా. ఎడమ దిక్కు మూడో మెట్టు నాది."

నేను కూర్చున్నది కుడివైపు. లేచి అటు వెళ్లి, మూడో మెట్టు మీద కూర్చుని, కళ్లు మూసుకున్నాను.