బావగారి సెనేట్

మొన్న ఎన్నికల రోజున కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో మా ఇంటి దగ్గరి స్కూలుకి బావగారిని ఓటు వేయించడానికి తీసుకెళ్లాను. బావగారంటే మా అక్క భర్త. ఎనభై దాటాయి. బతుకంతా టాస్మేనియా రాష్ట్రంలో, హోబార్ట్‌లో డాక్టరుగా చేసి, అక్క పోయాక కాన్‌బెర్రాలో కూతురి దగ్గరికి వచ్చేశారు. ఇక్కడ ఆయనకిదే మొదటి ఓటు. బల్ల దగ్గరి అమ్మాయి ఒక పచ్చ కాగితం, ఒక తెల్ల కాగితం చేతికిచ్చింది. తెల్లది సెనేట్‌ది, అంటే పార్లమెంటు పైసభది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనకవైపు కూడా చూసి, "ఇంతేనా?" అన్నారు. "ఇంతేనండీ. మనకి సెనేటర్లు ఇద్దరే" అన్నాను. "ఇద్దరేమిటయ్యా, మాకు పన్నెండుమంది!" అన్నారు, ఇంకా టాస్మేనియాలోనే ఉన్నట్టు. నవ్వు రావాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. ఎందుకో చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

బావగారికి రోగుల తర్వాత అంత ఇష్టమైనది సెనేటే. హోబార్ట్‌లో వాళ్లింటికి భోజనానికి వెళితే పప్పన్నం దగ్గర మొదలయ్యే సెనేట్ మజ్జిగన్నం దాకా సాగేది. ఈ దేశం ఒకటయ్యేటప్పుడు చిన్న రాష్ట్రాలు సిడ్నీ, మెల్‌బోర్న్ వాళ్ల కింద నలిగిపోతామని భయపడ్డాయట. అందుకని సెనేట్‌లో పెద్దా చిన్నా తేడా లేకుండా అన్ని రాష్ట్రాలకీ సమానంగా సీట్లు. టాస్మేనియాకి మొదట ఆరుగురు, తర్వాత పదిమంది, ఇప్పుడు పన్నెండుమంది. సిడ్నీ ఉన్న అంత పెద్ద రాష్ట్రానికీ అంతే. ఈ ఏర్పాటంతా తానే దగ్గరుండి చేయించినట్టు చెప్పి, ఆయన ఇంకో గరిటె మజ్జిగ పోసుకునేవారు. అక్క ఈ చరిత్రని ఎన్నిసార్లు విందో గానీ, "టాస్మేనియాకి పదిమంది దాకా వచ్చారా? అయితే అప్పడాలు వేయించొచ్చు" అని లేచేది.

ఆ రోజుల్లోనే రాష్ట్రాల తెలుగు సంఘాలన్నీ కలిసి ఒక సమాఖ్య పెట్టుకుందామనుకున్నాయి. నియమావళి రాసే పని ఎవరికీ అక్కర్లేక బావగారి నెత్తిన పెట్టారు. ఆయన పండగ చేసుకున్నారు. నియమావళిలోకి సెనేట్‌నే దించేశారు. రాష్ట్రానికి ఇద్దరు ప్రతినిధులు, హోబార్ట్ అయినా సిడ్నీ అయినా సరే. ఓట్లు సమానమైతే ప్రతిపాదన ఓడినట్టే, సెనేట్‌లో లాగా. నియమాలు మార్చడం ఆరేళ్లకోసారే, సెనేటర్ల పదవీకాలంలాగా. మరి కాన్‌బెర్రా? కాన్‌బెర్రా రాష్ట్రం కాదు కాబట్టి మాకు ఓటు లేదు, పరిశీలకులుగా వచ్చి కూర్చోవచ్చు. "అదేమిటి బావగారూ, అసలు సెనేట్‌లోనే మాకు ఇద్దరున్నారు కదా!" అన్నాను. "అది డెబ్భైల్లో పార్లమెంటు ఇచ్చింది. రాజ్యాంగం మొదట్నుంచీ ఇచ్చిన హక్కు కాదు. మనం అసలు దాన్నే పట్టుకుందాం" అన్నారు. పార్లమెంటు భవనం మా ఊళ్లోనే ఉంది, మాకే ఓటు లేదు. వంటింట్లోంచి అక్క, "మా తమ్ముడికి ఒక ఓటిస్తే మీ సొమ్మేం పోయిందండీ?" అని అడిగింది. "సొమ్ము కాదు, సూత్రం" అన్నారు బావగారు. నేను కోపంగా కంచం తీసుకుని లేచాను.

అక్క పట్టు అంతా ఇంకోచోట ఉండేది. సమాఖ్య వార్షికోత్సవంలో పిల్లలకి తెలుగులో మాట్లాడే పోటీ పెట్టించింది. కొద్ది నిమిషాలు, మధ్యలో ఇంగ్లీషు ముక్క రాకూడదు. పిల్లలు చెమటలు కక్కేవాళ్లు. ఒక బుడ్డోడు "మా నాన్న... మా నాన్న..." అని ఆగి, గుడ్లు తిప్పి, "బార్బీ దగ్గర బాగా వండును" అనగానే హాలంతా గొల్లుమంది. బార్బీ అంటే ఇక్కడ బార్బెక్యూ పొయ్యి. అక్క మాత్రం నవ్వకుండా వాడి వీపు నిమిరి, చేతిలో సున్నుండ పెట్టింది. ఓడినవాళ్లకీ సున్నుండే, గెలిచినవాళ్లకీ సున్నుండే. ఇంట్లో ఇంగ్లీషులో తప్ప జవాబు చెప్పని పిల్లలు ఆ ఒక్కరోజు కోసం నెల ముందునుంచే అమ్మమ్మలకి ఫోన్లు చేసేవాళ్లు. చివరి ఏడాది ఆసుపత్రి మంచం మీంచి కూడా అక్క బావగారితో, "పోటీ మాత్రం ఆపనివ్వకండి" అంది. ఆయన తలూపడం నేను చూశాను.

అక్క పోయిన మరుసటి ఏడే కార్యక్రమాల కమిటీ పోటీని తీసేసింది. సినిమా డాన్సులకి టైము చాలట్లేదట. పోటీని తిరిగి పెట్టాలని టాస్మేనియావాళ్లు ప్రతిపాదించారు. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో సమావేశం. బావగారిని కారులో నేనే తీసుకెళ్లాను. దారంతా ఆయన చిన్న రాష్ట్రాల గొప్పతనం చెబుతూనే ఉన్నారు. నిజంగానే టాస్మేనియా, అడిలైడ్, పెర్త్ వాళ్లు పోటీ వైపు చేతులెత్తారు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ వాళ్లు ఎదురు. సరిగ్గా సమానం. నా పక్కన బావగారి చెయ్యి కూడా లేచింది. అధ్యక్షుడు, సిడ్నీలో ఐటీ కుర్రాడు, ఇబ్బందిగా నవ్వి, "అంకుల్, మీరిప్పుడు కాన్‌బెర్రా కదా. ఓటుండదు. టై అయితే మోషన్ పోయినట్టే. సారీ అంకుల్, రూల్స్ మీరు రాసినవే" అన్నాడు. చెయ్యి మెల్లగా దిగింది. నాకు ఆ కుర్రాడి మీద కోపం రాలేదు, బావగారి మీద వచ్చింది. ఒక్క ఓటు! ఆరోజు అక్క అడిగింది ఒక్క ఓటే కదా! అరవాలనిపించింది. పక్కకి తిరిగితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఎవరి మీద అరవను?

ఓటు వేశాక స్కూలు ఆవరణలో ఉల్లిపాయ ముక్కలు పెట్టిన రొట్టె కొనిచ్చాను. తినకుండా పట్టుకుని, "ఇక్కడ మీకు ఇద్దరే అంటే ఏమిటో ఇప్పుడు తెలిసిందోయ్" అన్నారు. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. విన్నాక ఏమీ సంతోషం కలగలేదు. "వచ్చేసారి సమాఖ్య నియమం మార్పిద్దాం. మీకూ ఓటు, పోటీ కూడా మళ్లీ" అన్నారు. కిందటి మార్పులు నిరుడే అయిపోయాయని, మళ్లీ ఇంకో ఐదేళ్లకేనని ఆయనకీ తెలుసు. అప్పటికి ఇవాళ్టి పిల్లలు యూనివర్సిటీకి వెళ్లిపోతారు. ఆరేళ్లంటే ఆరోజు హోబార్ట్ భోజనాల బల్ల దగ్గర మా ఇద్దరికీ పెద్ద కాలమనిపించలేదు. ట్రామ్ స్టాపు దాకా ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే మాత్రం, అది ఎంత కాలమో అడుగడుగునా తెలిసింది.