మంచు మీద ఆగిపోయిన కథ

మా నాయనమ్మ ఉమ్సునాయ్ చచ్చినవాళ్ళ చేత కూడా పుస్తకాలు చదివించగలదు. నారిన్ లోయ మొత్తం గాలించినా ఈ పని చేతనైన మనిషి ఇంకొకరు దొరకరు. ఇక బతికున్న పిల్లలంటారా, వాళ్ళు ఆవిడకి ఒక లెక్కే కాదు. పుస్తకం అట్ట కనబడితే కొండెక్కి పారిపోయే పిల్లల్ని కూడా కూర్చోబెట్టి చదివించింది. నా ఒక్కదాని దగ్గరే ఆవిడ పప్పులు ఉడకలేదు.

ఆవిడ పంతులమ్మ కాదు. మా ఊరి బడిలో పొయ్యిలు రాజేసేది. పుస్తకాల గది తాళంచెవి కూడా ఆవిడ నడుముకే వేలాడేది, ఎందుకంటే బొగ్గులు పోసేది ఆ గదిలోనే. పుస్తకాలకి పట్టిన మసి దులిపి, ఒకటో రెండో ఇంటికి తెచ్చేది. పంతుళ్ళు చదవమని చెవులు మెలిపెట్టేవాళ్ళు. ఈవిడ చదవమని ఒక్కసారి కూడా అనలేదు. గురువారం సాయంత్రం చనిపోయినవాళ్ళ కోసం నూనె కాచి బొర్సోకులనే పిండి ముక్కలు వేయిస్తాం కదా, ఆ వాసనే వాళ్ళకి తిండి. వేగిన బొర్సోకుల కోసం వీధిలో పిల్లలంతా మా ఇంట్లో చేరేవాళ్ళు. నాయనమ్మ ఒక చేత్తో చిల్లుల గరిటె తిప్పుతూ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని చదివేది. తోడేలు గొర్రెల దొడ్డి తలుపు దగ్గరికి వచ్చిందనగానే టప్పున మూసేసేది.

"తర్వాతేమైంది అవ్వా?"

"నూనె చల్లారింది. పొండి ఇళ్ళకి."

పుస్తకం మాత్రం కిటికీలో పెట్టి, అటు వీపు తిప్పి కూర్చునేది. తెల్లారేసరికి అది ఉండేది కాదు. దొంగ ఎవరో ఆవిడకి తెలుసు. దొంగకీ తెలుసు, ఆవిడకి తెలుసని.

ఈ సగంలో ఆపే విద్య ఆవిడకి ఎక్కడ అబ్బిందో చెబితే మీకు నవ్వు రాదు. ఆవిడ చిన్నప్పుడు తాబిల్ది అనే తమ్ముడు జ్వరంతో పడుకుని ఉంటే, నీలం అట్ట పుస్తకం ఒకటి చదివి వినిపించిందట. గుర్రపు దొంగ బెక్‌తెమిర్ గడ్డకట్టిన సరస్సు మీదికి అడుగు పెడతాడు. మంచు కింది నుంచి ఎవరో తడతారు. అక్కడ ఆపి, వాణ్ణి ఉడికించడానికి "మిగతాది రేపు" అంది. రేపటికి తమ్ముడు లేడు.

ఆ పుస్తకం మా పరుపుల దొంతర మీద ఉండేది. దాన్ని ముట్టుకుంటే చేతులు విరిచేస్తాననేది. ప్రతి గురువారం పిల్లల కథ అయ్యాక దాన్ని తీసి, తట్టిన చోటు దాకా చదివి మూసేది. ఆ తర్వాతి పేజీ ఆవిడ కూడా తిప్పలేదు. మూసిన కాసేపటికి మా నేల పలకల కింద టక్, టక్ మని చప్పుడయ్యేది. చలికి చెక్క బిగుసుకుంటోందని నేననేదాన్ని, కాళ్ళు పైకి ముడుచుకుని.

"వాడే. మిగతాది వినడానికి వస్తాడు. విన్నాడంటే ఇక రాడు. అందుకే చదవను," అనేది నాయనమ్మ.

మా పక్కింటి ఉల్‌జాన్ తల్లి ఒక ఏడు వసంతంలో పోయింది. పిల్ల బడి మానేసింది, మాట మానేసింది. గురువారాలు మాత్రం వచ్చి పొయ్యి పక్కన కూర్చునేది. ఒకసారి ఉన్నట్టుండి, "మా అమ్మకీ కథ వినబడుతుందా అవ్వా?" అంది.

"వాసన అందినప్పుడు మాట అందదా గొర్రెపిల్లా?"

అంతే. ఆ పిల్ల కిటికీలోని పుస్తకాలన్నీ ఒకటొకటిగా ఎత్తుకుపోయింది.

తర్వాతొక గురువారం, తినేముందు అందరం చేతులు చాచి కూర్చున్నాం. ఎవరి మనుషుల పేర్లు వాళ్ళు చెబుతున్నారు, వాసన వాళ్ళకి చేరాలని. నాయనమ్మ తాబిల్ది పేరు చెప్పింది. ఉల్‌జాన్ తన తల్లి పేరు చెప్పి, ఆగి, "బెక్‌తెమిర్‌కి కూడా," అంది.

"ఏ బెక్‌తెమిర్?" అన్నాన్నేను.

"గుర్రపు దొంగ. పాపం, పేరు చెప్పడానికి ఆయనకెవరూ లేరుగా."

బతికున్నవాడి పేరు అక్కడ ఎవరూ చెప్పరు. నాయనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బొర్సోకులు నల్లబడి పొగలొస్తున్నా కదల్లేదు.

"చచ్చిపోయాడా?" అంది చివరికి, చిన్నపిల్ల గొంతుతో.

ఉల్‌జాన్‌కి అప్పుడు అర్థమైంది. ఏడుపు మొహం పెట్టింది. "నేను... పరుపుల మీది నుంచి తీశాను అవ్వా. మా అమ్మకి చదివి వినిపించి, మళ్ళీ అక్కడే పెట్టేశా. విరిచెయ్యండి చేతులు." అంతలోనే మొండిగా తలెత్తింది. "మరి మీ తమ్ముణ్ణి ఇన్నాళ్ళూ ఆ మంచు మీదే నిలబెట్టారేంటి? కాళ్ళు జివ్వుమనవూ?"

నాయనమ్మ మూకుడు దింపింది. పుస్తకం తెచ్చి పిల్ల ఒళ్ళో పడేసింది. "చదువు. వాడికి వినబడేలా గట్టిగా చదువు."

ఉల్‌జాన్ చదివింది. మంచు కింద తట్టింది బెక్‌తెమిర్ దొంగిలించి పోగొట్టుకున్న గుర్రమే. అతను గొడ్డలితో మంచు పగలగొట్టాడు. గుర్రం పైకొచ్చింది, అతను కిందికి పోయాడు. పుస్తకం మూశాక అందరం నేలకేసి చూశాం. చప్పుడు లేదు. నాయనమ్మ చెయ్యి పలక మీద ఆనించి చాలాసేపు కూర్చుంది. "వెళ్ళిపోయాడు," అంది. ఆ వారమంతా నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నాకు భయమేసింది.

మళ్ళీ గురువారం వచ్చింది. నూనె కాగింది. నాయనమ్మ మసి పట్టిన కొత్త పుస్తకం ఒకటి తలగుడ్డ అంచుతో తుడిచి, మొదటి పేజీ తెరిచింది. పిల్లలకేసి కాదు, నేలకేసి చదివింది. ఒంటె రాత్రికి రాత్రి మాయమైన చోట టప్పున మూసి, "మిగతాది వచ్చే వారంరా, తాబిల్ది," అంది.

నేల కింద టక్ మంది.

ఇదంతా రాసి ఆవిడకి వినిపించాను. అంతా విని ముక్కు చీదింది.

"తట్టింది వాడో చెక్కో నాకూ తెలీదే బెరెమెత్. చచ్చినవాడు కూడా రెండో పుస్తకానికొచ్చాడు. ఆరో తరగతిలో నువ్వు సగంలో పారేసిన పుస్తకం ఇంకా ఆ కిటికీలోనే పడుంది. ముందు అది చదివి చావు."