మెట్టు చెప్పే మనిషి

భర్తకు తెలియకుండా బ్యాంకులో సొంత ఖాతా తెరవాలని బయలుదేరిన ఫ్రేములమ్మ, ఆ పని ఏ లోటూ లేకుండా పూర్తిచేసుకుంది. ఫోటోలు ఇచ్చింది, సంతకాలు పెట్టింది. గుమాస్తా ఫోన్ నంబరు అడిగితే తడుముకోకుండా చెప్పింది. పెళ్లయిన నాటినుంచి గ్యాసుకూ, కరెంటుకూ, కూతురి బడికీ ఏ నంబరు చెబుతోందో ఆ నంబరే చెప్పింది. ఆమె ఇల్లు చేరేసరికి ఆ నంబరు గల మనిషి గుమ్మంలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఫోన్‌లో ఏదో చదువుతున్నాడు.

"నీ కొత్త ఖాతాకి స్వాగతం చెబుతున్నారు," అన్నాడు.

ఫ్రేములమ్మ చెప్పులతోనే వంటింటిదాకా వెళ్లిపోయింది.

మొగుడూ పెళ్లాలు నడిపే కొట్టు ఒకటే అయినా వీధివాళ్లు పెట్టిన పేర్లు రెండు. చెక్క కోసి, మూలలు అతికించి చట్రాలు కట్టేది ఆమె కనుక ఫ్రేములమ్మ. గాజు కోసి, గోడకు బిగించేది ఆయన కనుక అద్దాలాయన. మనిషి చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. స్నేహితుడెవడైనా వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే చాలు, వాడి అప్పుకు చదవకుండా హామీ సంతకం గీకేసేవాడు. ఆ స్నేహితుడు కళ్లు తుడుచుకుని ఊరు దాటేవాడు. ఆ అప్పు కట్టడానికి ఒకసారి ఆమె నగలు పోయాయి. ఏడ్చి ఊరుకుంది. కిందటేడు కూతురి కాలేజీకని దాచినది పోయింది. ఈసారి ఏడుపు రాలేదు. రాకపోయేసరికి ఆమెకే భయం వేసింది.

అక్క ఆమెను లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. "నీ పేర ఓ ఖాతా ఉండాలి. కొట్టు అద్దె కాగితం నీ పేరుకి మారాలి. ఒక్కదానివే నెట్టుకు రాగలనన్న ధైర్యం రావాలి. అప్పుడు పెడుదువు గాని విడాకుల కాగితాల మీద సంతకం," అంది లాయరమ్మ.

"గాజు పని నాకు రాదమ్మా," అని ఫ్రేములమ్మ నసిగింది.

"విడాకులు మొగుడితోనా, గాజుతోనా?" అని అక్క కసిరింది.

ఖాతా సంగతి బయటపడిన పూట ఆయన అన్నం ముందు కూర్చుని అన్నాడు. "నంబరు మార్పించుకో. ఓటీపీలు నాకొస్తే నీ పని ఆగిపోద్ది."

"కోపం లేదా మీకు?"

"ఉంది. ఎవరి మీదో తేలడం లేదు."

విడాకుల మాట ఎత్తితే ఆయన అడ్డు చెప్పలేదు. కిటికీలు చేసే వర్క్‌షాపులో ఉద్యోగం చూసుకున్నాడు. వెళ్లేలోగా గాజు పని నేర్పుతానన్నాడు.

"గీత ఒక్కసారే గీయాలి. సరిగ్గా పడిందో లేదోనని మళ్లీ గీశావంటే పగులుద్ది."

"ఈ మాట సంతకాలప్పుడు మీకెవరైనా చెప్పుంటే బాగుండేది."

ఆయన ఫక్కున నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది.

పెద్ద అద్దాలు ఇద్దరూ కలిసే మోసేవారు. వెనక్కి నడిచేది ఆమె. ఆయన ఎదురుగా చూస్తూ "గడప," "మెట్టు," "ఎడమకి," అనేవాడు. డబ్బు విషయంలో ఆయన చెప్పిన దేన్నీ ఆమె నమ్మడం మానేసి ఏళ్లయింది. ఈ మూడు మాటలకు మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా అడుగు వేసేది. మాటలు ఆగిపోయిన రోజుల్లో కూడా ఇంట్లో వినిపించినవి ఇవే.

వచ్చే వారం విడాకుల సంతకాలనగా, సెలూన్ ఆయన నిలువెత్తు అద్దం అడిగాడు. ఆమె అద్దం పట్టుకోవడానికి దాని వీపుకి రబ్బరు పిడులు అంటించుకుంది, వీధిలో తోపుడుబండి పెట్టించుకుంది.

"ఓ చెయ్యి వెయ్యనా?" అన్నాడు అద్దాలాయన.

"వద్దండీ. వచ్చే వారం ఎవరేస్తారు?"

అద్దాన్ని ఒంటికి ఆనించుకుని ఆమె వెనక్కి నడిచింది. అద్దం ముఖం ఆయన వైపుంది, కాబట్టి పాపం ఆయన తనను తాను చూసుకుంటూ నిలబడవలసి వచ్చింది. గడప దాటింది. ఆయన నోరు తెరిచి, అనబోయిన మాట మింగేశాడు. ఆమె కాలు గాలిలో ఆగిపోయింది. తనకు తెలియకుండానే ఆ మాట కోసం ఆగింది. అది రాలేదు. మెల్లగా మెడ తిప్పి, మెట్టు ఎక్కడుందో చూసుకుని దిగింది.

బండి తోసుకుంటూ సెలూన్‌దాకా ఏడుస్తూనే వెళ్లింది. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. ఏడాదిగా రాని ఏడుపు, రాక రాక నడివీధిలో వచ్చింది. ఎదురొచ్చిన వాళ్లందరూ మర్యాదగా అద్దంలో జుట్టు సవరించుకుని తప్పుకున్నారు.

సెలూన్‌లో ఒక్కతే మేకులు కొట్టింది, అద్దం ఎత్తింది, బిగించింది. అద్దం నిలిచింది. సెలూన్ ఆయన దువ్వెన చెవి వెనక దోపుకుని, తల ఇటూ అటూ వాల్చి చూశాడు.

"ఏంటమ్మా, ఎడమపక్క వేలెడు కిందికి దిగిందే! అద్దాలాయన బిగిస్తే ఎన్నడన్నా ఇలా ఉందా?"

"ఈసారి మొత్తం నేనే బిగించానన్నా, ఆ వంకర కూడా నాదే."