‘సుట్టాలం’ దగ్గర ఆగిన పాట

2023లో ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరుగా పనిచేస్తున్నప్పటి సంగతి. కంచరపాలెం కుర్రాళ్ల బ్యాండ్ ఒకటి తమ అభిమానుల మీద పాట కట్టుకుని వచ్చింది. “మీరు మాకేటి?” అని గాయకుడు సన్నీ అడుగుతాడు. “సుట్టాలం” అని అభిమానులు బదులిస్తారు. పాటంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ఆ మాట పాడడానికి నిజమైన అభిమానులనే తీసుకొచ్చారు. అందరికీ ముందు నిలబడింది యారాడలో చేపలమ్మే నూకరత్నం. పాటలో తన గొంతు వస్తుందని సన్నీ మాటిచ్చాడనీ, ఊళ్లో అందరికీ చెప్పి వచ్చాననీ అంది.

రఫ్ మిక్స్, అంటే గొంతులనూ వాయిద్యాలనూ తాత్కాలికంగా కలిపిన రూపం, హైదరాబాద్‌లోని ఆడియో కంపెనీకి పంపాం. మేనేజరు ఫోన్ చేసి నన్ను ఆపరేటర్ అన్నాడు. ఇంజినీరునని వెంటనే సరిచేశాను. ఆయన సరిచేసుకోలేదు. “సుట్టాలం” తప్పట, “చుట్టాలం” అని రావాలట.

నూకరత్నాన్ని మళ్లీ పిలిచాం. “చుట్టాలం” అని బళ్లో పాఠం అప్పజెప్పినట్టు పాడింది. ఎన్నిసార్లు పాడినా అంతే. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

“ఇలాగ పిలిస్తే మా ఇంట్లో ఎవులూ పలకరు బాబూ.”

ఆమె ట్రాక్, అంటే ఆమె గొంతును విడిగా రికార్డు చేసిన భాగం, మ్యూట్ చేసి వేరే గాయనితో పాడించమంది కంపెనీ. సన్నీ తలూపాడు. ఆమెకు చెప్పక్కర్లేదని, అన్ని గొంతుల హోరులో ఆమెకు తెలియదని నాతో అన్నాడు. కుదరదన్నాను. మాటిచ్చినవాడివి నువ్వే చెప్పు, తర్వాత బటన్ నొక్కుతానన్నాను. సంగతి స్టూడియో యజమాని దాకా వెళ్లింది. ఇంకో ఇంజినీరును పెడతానన్నాడాయన. ఆ మాట నాకింకా గుర్తుంది. నేను కుర్చీ దిగలేదు.

చివరికి సన్నీ నా ఎదురుగానే స్పీకర్ పెట్టి ఆమెకు ఫోన్ చేశాడు. నసుగుతూ విషయం చెప్పాడు.

“నా గొంతొద్దంటే ఒగ్గేయ్ తమ్ముడా,” అంది నూకరత్నం. “మరి మమ్మల్ని సుట్టాలని మాత్రం అనకు. ఇంకో మాటేదన్నా ఎతుక్కో.”

సన్నీ ఆ ఫోన్ పెట్టేసి కంపెనీకి చేశాడు. ఆ మాటా మారదు, గొంతూ మారదు, కాదంటే పాట ఇచ్చేది లేదని చెప్పాడు. కంపెనీ గొణుగుతూనే ఒప్పుకుంది.

పాట పెద్ద హిట్టయింది. షేర్ ఆటోల్లో కూడా అదే. ఆ “స” పెట్టించింది తానేనని మేనేజరు ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు.

విజయోత్సవానికి వెళ్తే గేటు దగ్గర నన్ను ఆపేశారు. పాట వివరాల్లోంచే నా పేరు తీసేశారు, ఇక పిలిచినవాళ్ల జాబితాలో ఎందుకుంటుంది? లోపలున్న నూకరత్నం చూసి గేటు దాకా వచ్చింది.

“ఆయన్నొగ్గేయ్, మా సుట్టం,” అంది కాపలా అతనితో.

గొంతును ఆపడం మా పనిలో ఒక్క బటన్‌తో అయిపోతుంది. ఆ గొంతు గల మనిషికి ఎదురుగా చెప్పగలిగితేనే దాన్ని నొక్కాలని ఆ పాటతో నేర్చుకున్నాను. నా పేరు తీసేసినవాళ్లు మాత్రం నాకు ఎదురుగా ఇప్పటికీ చెప్పలేదు. అడుగుతూనే ఉన్నాను.