వెల్డా ఉతికిన బనియన్

మా ఊరి కాలేజీ బేస్‌బాల్ జట్టు బట్టలు ఉతికే వెల్డా ప్రూయిట్ చేతిలో పోని మరకంటూ ఈ ఆర్కన్సా రాష్ట్రంలోనే లేదు. ఎర్రమట్టిలో జారిన ప్యాంటుని ఆమె ఉతికి ఆరేస్తే నల్ల కళ్ళద్దాలు లేకుండా చూడలేం. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. అయినా మా వైపు అలవాటు ప్రకారం కుర్రాళ్ళంతా గౌరవంగా మిస్ వెల్డా అనే పిలిచేవాళ్ళు. స్టేడియం మెట్ల కింద ఉన్న లాండ్రీ గదే ఆమెకి ఇల్లూ చర్చీ అన్నీను.

నిరుడు మా కుర్రాళ్ళు బ్యాటు పట్టుకుంటే పక్క కౌంటీలో పశువుల్ని కొట్టాల్లోకి తోలుకునేవాళ్ళు, బంతి ఎక్కడ పడుతుందోనని. ఈ ఆటలో పదిసార్లు నిలబడి మూడుసార్లు కొడితే వాడు దొర. నిరుడు జట్టు మొత్తానికి సగటే వెయ్యికి మూడువందల పన్నెండు, అంటే అందరూ దొరలే. పాస్టరుగారు కూడా ప్రసంగం సగంలో కట్టేసి రేడియో పెట్టేవారు.

ఆ దొరల్లో పెద్ద దొర కోల్బీ హార్లన్. చిన్నప్పుడే తల్లి పోయింది, తండ్రి లారీ తోలుకుంటూ ఏ ఊళ్ళో ఉంటాడో వాడికే తెలీదు. మొదటి ఏడు చీపురుపుల్లలా వచ్చినవాణ్ణి వెల్డా మొక్కజొన్న రొట్టెలూ వేయించిన చేపలూ పెట్టి మనిషిని చేసింది. వాడికి అచ్చొచ్చిన బనియన్ ఒకటుండేది. బ్యాటు మాట వింటున్నన్నాళ్ళూ ఒంటిమీది బట్ట ఉతకకూడదన్నది ఇక్కడ పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి. ఆ బనియన్ కంపుకి కాకులు దారి మార్చుకునేవి. వెల్డా దాన్ని పటకారుతో పట్టుకుని విడిగా ఓ మేకుకి తగిలించేది తప్ప నీళ్ళు చూపించలేదు.

నిరుడు ఆటలన్నీ అయ్యాక కోల్బీ లాండ్రీ గదికొచ్చి బుట్ట మీద కూర్చున్నాడు. వచ్చే ఏడే వాడికి కాలేజీలో ఆఖరు. సీనియర్లకి వీడ్కోలు చెప్పే రోజున ఒక్కొక్కడూ తల్లి చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడుస్తాడు, తల్లికి పువ్విస్తాడు.

“నాతో మీరు నడుస్తారా, మిస్ వెల్డా?” అన్నాడు.

“నాది బాతు నడకరా నాన్నా. జనం నవ్వుతారు.”

“నవ్వుకోనివ్వండి.”

ఆ వారంలోనే నీలం గౌను కొనేసింది, ఇంకా ఏడాది ఉందనగా. ఎత్తు మడమల జోళ్ళు వేసుకుని వంటింట్లో ఆ మూల నుంచి ఈ మూలకి నడక నేర్చుకునేదని పక్కింటావిడ ఊరంతా చెప్పింది. అబద్ధమైతే కాదు.

ఈ ఏడు ఆటలు మొదలవబోతుండగా కోల్బీ వీపంతా పొక్కులు లేచాయి. డాక్టరు మందు రాసుకోమన్నాడు. వాడు మందు రాసుకుని దానిమీద మళ్ళీ ఆ బనియనే తొడుక్కునేవాడు. ఓ రోజు మేకు దగ్గర వెల్డా చూస్తే గుడ్డకి నెత్తురు అంటుకుని ఉంది. అంతే, మరిగే నీళ్ళలో ముంచి రెండుసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి మడతపెట్టింది.

కోల్బీ దాన్ని వాసన చూసి గోడకి ఆనుకున్నాడు. ఎందుకు ఉతికారని అడిగాడు, కోపంగా కూడా కాదు.

“నీ నెత్తురు చూశాక నా చేతులు ఆగలేదు నాన్నా,” అంది.

ఇక చూసుకోండి. మొదటి ఆటలో వాడి బ్యాటు గాలిని తప్ప దేన్నీ తాకలేదు. రెండో ఆటలోనూ అంతే. అంటువ్యాధిలా జట్టంతా పాకింది. నిరుడు దంచిన నలుగురు పెద్ద పిల్లలు చదువైపోయి వెళ్ళిపోయారు, వాళ్ళ చోట మీసాలు రానివాళ్ళు వచ్చారు. ఆ మాట ఒక్కడూ ఎత్తలేదు. రేడియోవాడు ప్రతి ఆటకీ “నిరుడు ఈపాటికి” అని మొదలెట్టి, ఈ ఏటి సగటు రెండువందల ముప్పై కూడా లేదని శవం దగ్గర చదివినట్టు చదివేవాడు. చేపల ఎర అమ్మే డ్వేన్, వెల్డా ఈసారి మరకతో పాటు జట్టు కొట్టుడు కూడా వదలగొట్టిందని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఎవరో ఆమె గుమ్మంలో సబ్బుపొడి డబ్బా పెట్టి రిబ్బను కట్టి పోయారు. కుర్రాళ్ళు బట్టలు ఎవరివి వాళ్ళు బయట ఉతికించుకోవడం మొదలుపెట్టారు.

వెల్డా ఊరుకోలేదు. ఆ బనియన్ తనే తొడుక్కుని మండుటెండలో ఇంటిముందు గడ్డి కోసింది. తన పెరడు చాలక రెండు పక్కలవాళ్ళ పెరళ్ళు కూడా కోసింది. చెమటతో తడిసి బరువెక్కిన బనియన్ని తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

కోల్బీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది మీ చెమట కదా, మిస్ వెల్డా,” అన్నాడు. ఆ తర్వాత భోజనానికి రావడం మానేశాడు.

వీడ్కోలు ఆటకి ముందురోజు మధ్యాహ్నం వచ్చాడు. లాండ్రీ గది గడప దాటలేదు. కోచ్‌గారి భార్య తనతో నడుస్తానందని చెప్పాడు.

“మంచిదే. ఆవిడ నడక బావుంటుంది,” అంది వెల్డా.

పెద్ద జట్ల నుంచి మనుషులు వస్తున్నారట చూడ్డానికి. రేపు కొట్టకపోతే తనకిక ఆట లేదు, తండ్రి లారీయే గతి అన్నాడు. ఇంకేదో అనబోయి తలుపు చెక్క గోకుతూ నిలబడ్డాడు.

“నన్ను రావద్దంటావు. అంతేగా?”

వాడు తలూపాడు. మర్నాటి ఆటకని కాలేజీ ఇచ్చిన వాడి కొత్త బట్టల్ని వెల్డా చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని ఇస్త్రీ చేసింది, తన చెయ్యి సోకకుండా.

ఆట జరుగుతుంటే ఆమె కారు స్టేడియం అవతల పశువుల దాణా కొట్టు వెనక ఆగి ఉంది. మైకు అక్కడికి వినబడుతుంది. నీలం గౌను వేసుకునే వచ్చింది, ఎవరు చూస్తారని వేసుకుందో. కోల్బీ పేరూ, పక్కన కోచ్ భార్య పేరూ చదివారు. కాసేపటికి బ్యాటు చప్పుడు, ఊరు విరిగి మీద పడ్డంత కేక. వాడు బంతిని కంచె దాటించాడు. మళ్ళీ బ్యాటు పట్టాడు, మళ్ళీ దాటించాడు. వెల్డా స్టీరింగు మీద చేతులు కొట్టుకుంటూ నవ్విందట. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఊరు ఇన్నాళ్ళూ అంటున్నది నిజమేనని ఆమెకి ఆ నిమిషంలో నమ్మకం కుదిరింది.

ఆటవ్వగానే కోల్బీ మట్టి బట్టలతోనే ఆమె ఇంటికి పరిగెత్తాడు, ఓ పసుపు గులాబీ పట్టుకుని. తలుపు కొట్టాడు. లోపల అడుగుల చప్పుడు వచ్చి తలుపు అవతల ఆగింది.

“మిస్ వెల్డా, తప్పయిపోయింది. తలుపు తియ్యండి. నేను కొట్టాను.”

“విన్నాను నాన్నా. రెండూ విన్నాను.”

“ఒక్కసారి తియ్యండి.”

“ఇప్పుడే నీ బ్యాటు మాట వింటోంది. నన్ను ముట్టుకోకు. పెద్ద జట్టులో చేరాక కూడా ఈ వైపు రాకు, ఉత్తరం కూడా రాయకు.”

వాడు తలుపుకి నుదురానించి ఏడ్చాడు. ఆమె గొళ్ళెం మీంచి చెయ్యి తీసేసి, వంటింట్లోకి పోయి కుళాయి తిప్పింది, ఆ ఏడుపు వినబడకుండా.