అద్దానికి కట్టిన టవలు

పొద్దున ఆరున్నరకు నేను మాట్లాడతాను. ఆ పది నిమిషాలు తప్పితే రోజంతా నాకు మాట్లాడే పనీ లేదు, మాట్లాడే మనిషీ లేడు. సండూరు దగ్గర ఒక ఇనుప గనిలో షిఫ్టు మొదలయ్యేముందు పనివాళ్లకు జాగ్రత్తలు చెప్పడం నా ఉద్యోగం. తర్వాత కాగితాలు రాసుకుంటూ కూర్చుంటాను. సాయంత్రం బస్సెక్కి కూరెకుప్పలో నా అద్దె గదికి చేరతాను. వంట నాకొక్కడికే కాబట్టి అన్నం మాడినా అడిగేవాళ్లు లేరు.

జాగ్రత్తలన్నీ ఒక కాగితం మీద అచ్చేసి ఉంటాయి. ముందు కన్నడంలో చదువుతాను, తర్వాత తెలుగులో. అంతా విన్నాక రిజిస్టరులో సంతకం పెట్టాలని పద్ధతి. మావాళ్లు ముందే పెట్టేసి టీ గ్లాసులతో వెనక నిలబడతారు. 'బండి కింద పడుకోరాదు' అని నేను చదువుతుంటే ఆవలిస్తూ తలూపిన మనుషులే మధ్యాహ్నం ఆగివున్న టిప్పర్ల కింద గుర్రుపెడుతుంటారు. వాళ్లను తిట్టీ లాభం లేదు. వేసవిలో ఆ గని గుట్ట మీద బండి కింద తప్ప ఎక్కడా నీడ ఉండదు. అలా పడుకునేవాళ్లకు ఒక కట్టుబాటు కూడా ఉంది. పడుకునేముందు డ్రైవరు వైపు అద్దానికి తమ టవలు కడతారు. టవలు కనబడితే కింద మనిషి ఉన్నట్టు లెక్క, డ్రైవరు అతన్ని లేపి గానీ బండి తీయడు. ఎవరూ అచ్చు వేయని ఈ నియమాన్ని అందరూ పాటిస్తారు. నా కాగితం మాత్రం చెవిటివాడి ముందు శంఖమే.

ఒకరోజు ఉక్రోషం పట్టలేక ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టాను. "కథ చెప్తా, వినండప్పా" అన్నాను.

పదకొండేళ్ల కిందట ఇలాంటి గుట్ట మీదే ఒక లోడింగ్ పనివాడు అద్దానికి టవలు కట్టి టిప్పరు కింద పడుకున్నాడు. గాలికి ఆ టవలు ఎగిరిపోయింది. డ్రైవరు వచ్చి చూస్తే అద్దానికి ఏమీ లేదు. బండి తీశాడు. కింద పడుకున్నవాడికి మోకాళ్ల దగ్గర్నుంచి రెండు కాళ్లూ పోయాయి.

వెనకున్నవాళ్లు ముందుకొచ్చారు. టీ తాగడం మరిచిపోయారు. "అయ్యో శివనే" అన్నాడు వాళ్లలో పెద్దాయన ఒకడు. "డ్రైవర్ది మాత్రం తప్పేముండాదప్పా, పాపం." ఆ మాట విని నాకు ఎంత హాయి కలిగిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఆ డ్రైవర్ని నేనే.

ఆ రోజు గాలే లేదు. చెమటలు కారుతూ టీ కొట్టు నుంచి వచ్చి, అద్దానికున్నది నేను ఆరేసుకున్న టవలే అనుకున్నాను. ఆ ఎర్రమట్టిలో మా అందరి టవళ్లదీ ఒకటే రంగు. దాన్ని విప్పి మొహం తుడుచుకుని, భుజాన వేసుకుని బండెక్కాను. తర్వాత అతన్ని రోడ్డుదాకా మోసిందీ నేనే, ఇంకో బండిలో బళ్లారి ఆసుపత్రికి చేర్చిందీ నేనే. గేటు దగ్గర స్ట్రెచరు లోపలికి పోయాక మళ్లీ అతని ముఖం చూడలేదు. నిద్రలో ఉన్నాను, నాకేమీ తెలియదని అతను పోలీసులకు చెప్పడంతో నా మీద కేసు నిలవలేదు. అతనికి నిజంగానే తెలియదని ఇన్నేళ్లూ నమ్మాను. స్టీరింగు ఎందుకు వదిలేశావని అడిగినవాళ్లకు నడుంనొప్పి అన్నాను. కట్టుకున్నదానికీ అదే చెప్పాను. నోరు విప్పని మనిషితో ఎన్నాళ్లని కాపురం చేస్తుంది, నాలుగేళ్లు చూసి పుట్టింటికి పోయింది. ఆమె తప్పేమీ లేదు.

ఆ మధ్యాహ్నం నా కథ ఎంత పనిచేసిందో చూద్దామని గుట్ట ఎక్కాను. బండ్ల కింద ఎప్పటిలాగే కాళ్లు కనబడుతున్నాయి. అద్దాలకు మాత్రం టవళ్లు రెండేసి ముడులతో బిగించి ఉన్నాయి. పొద్దున జాలిపడిన పెద్దాయన బండి కింది నుంచే నవ్వాడు. "నువ్వు సెప్పింది బాగ తగిలిందప్పా. ఇంగ గాలి కాదు, దాని అబ్బ వచ్చినా టవల్ పోదు!"

కాగితాన్ని ఎవరూ వినరు కాబట్టి దానివల్ల మేలూ లేదు, చేటూ లేదు. కథను మాత్రం వింటారు, విని దాని ప్రకారం నడుస్తారు. నన్ను నేను కాపాడుకోవడానికి కల్పించిన గాలిని నమ్మి వాళ్లు చక్రాల మధ్య నిద్రపోతున్నారు.

మరునాడు మళ్లీ చెప్పాను. ఈసారి గాలి లేదు. "టవల్ ఇప్పింది డ్రైవరే. మొగం తుడుసుకునేదానికి ఇప్పినాడు. ఆ డ్రైవర్ను నేనే" అన్నాను. టీ గ్లాసులు కింద పెట్టేశారు. మెల్లగా పనిలోకి పోయారు. మధ్యాహ్నం ఒక్కరూ బండి కింద పడుకోలేదు. గుట్ట అంచున కట్టెలు పాతి, పాత టార్పాలిన్ కట్టుకుని దాని కింద ఒరుసుకుని కూర్చున్నారు. నన్ను రమ్మంటారేమోనని కాసేపు ఎండలో నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు.

సాయంత్రం బస్సు దగ్గర పెద్దాయన అడిగాడు. "ఆ మనిషి ఇప్పుడు యట్లుండాడప్పా?"

"తెల్దన్నా."

"పదకొండేండ్లయింది కదప్పా!" అని బస్సెక్కి, దూరంగా వేరే సీట్లో కూర్చున్నాడు.

ఆదివారం ఆ కాళ్లు పోయిన మనిషిని వెతుక్కుంటూ పోయాను. పాత పనివాళ్లను అడిగితే బళ్లారిలో బ్రూస్‌పేట వెనక ఒక సందు చెప్పారు. అతను గడప పక్కన చాప మీద కూర్చుని, కుప్ప పోసిన జీన్స్ ప్యాంట్లకు మిగిలిన దారాలు కత్తిరిస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. చెయ్యి ఆపకుండానే "రాప్పా, కూసో" అన్నాడు.

నిలబడే చెప్పేశాను. "ఆ పొద్దు నీ టవల్ ఇప్పింది నేనేన్నా."

"తెలుసు. నువ్వు నన్ను మోసుకోని పోతాంటే నీ బుజం మీదనే ఉన్నింది. దాన్నే పట్టుకోని ఉంటి."

"మరి పోలీసోళ్లకు..."

"చిన్నోడివి. నీ బతుకు గూడ చెడేది ఎందుకు అనుకుంటి."

నేను గని సంగతి ఎత్తుకున్నాను. అతని కథ చెబుతున్నానని, అది విని మనుషులు బండ్ల కింద పడుకోవడం మానేశారని గబగబా చెప్పాను. అప్పు తీరుస్తున్నవాడిలా చెప్పాను. అతను అంతా విన్నాడు.

"కథ యాడికి ఆపుతావు?"

"ఆసుపత్రి గేటు కాడ."

"ఓ. కథ కంచికి, నువ్వు ఇంటికి" అన్నాడు. కోపంగా అనలేదు. "నాకు ఆడ్నించే గదప్పా మొదులు."

అప్పుడు కత్తెర పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. లేని పాదం దురదపెడితే మంచం చివర గోకమని భార్యను పోరిన రోజులు. కూతురు తప్పటడుగులు వేసిన ఏడాదే తను చేతుల మీద పాకడం నేర్చుకున్న సంగతి. ఊరి జాతరకు తమ్ముడు భుజాల మీద ఎక్కించుకుపోతే అందరికంటే బాగా తనకే తేరు కనబడిందని నవ్వాడు. ఒకచోట ఆగి గోడ వైపు తిరిగాడు. అతను మరిచినవి భార్య లోపలి నుంచి అందించింది. ఆ కథను వాళ్లు ఎన్నిసార్లు చెప్పుకున్నారో, వరస ఎక్కడా తప్పలేదు.

నేను చెవులు రిక్కించుకుని విన్నాను. ఎక్కడైనా నా మాట వస్తుందేమోనని, తిట్టుగానైనా వస్తే చాలునని చూశాను. పొద్దు వాలేదాకా చెప్పాడు. అందులో నేను ఎక్కడా లేను.