గోల్కొండ పతనం, నాలుగోసారి

మన దేశం నుంచి విద్యార్థులు విమానాలకు విమానాలు దిగుతున్న ఆ ఏళ్లలో, స్కార్‌బరోలోని మా కాలేజీ తరగతిలో సగం మంది తెలుగువాళ్లమే. మేం ఎలెక్టివ్‌గా చరిత్ర తీసుకోవడానికి కారణం ఒక్కటే: సీనియర్ల స్లైడ్లు వాట్సాప్ గ్రూపులో సిద్ధంగా ఉంటాయి. పేరు మార్చి చదివేస్తే సరి. ఆ సబ్జెక్టు తప్పితే ఫుల్ టైమ్ విద్యార్థి స్టేటస్ పోతుంది, దాంతో చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్ ఆశా పోతుంది. అంత ముఖ్యమైనదాన్ని అంత చులకనగా చూడటం మాకే చెల్లింది.

నాదీ నా రూమ్మేట్‌దీ ఒకే జట్టు. నాది గుంటూరు, వాడిది గోల్కొండ కోట వెనక బస్తీ. గ్రూపులోంచి గోల్కొండ సుల్తానుల కథ దించింది మాత్రం నేనే. బహమనీలు చితికిపోగా లేచిన రాజ్యం, వజ్రాలు, ఎనిమిది నెలల మొగలుల ముట్టడి, చివరికి లంచం తిని తలుపు తీసిన ఒక ద్రోహి. వాడే లేకపోతే ఇవాళ్టికీ సుల్తానులే ఏలుతుండేవారన్నంత ధీమాగా చెప్పాను. కోట గుమ్మంలో చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుందంటూ క్లాసులో చప్పట్లు కూడా కొట్టాను. సిగ్గులేనితనానికి హద్దుండాలి.

స్లైడు మీద కోట తలుపు ముందు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఎవడో సీనియర్ నిలబడి ఉన్నాడు. మేం గమనించలేదు, ప్రొఫెసర్ గమనించింది. ఆ కళ్లద్దాలవాణ్ని చూడటం ఆమెకది నాలుగోసారట. ఒక్కొక్కరే వచ్చి సంగతి చెప్పమంది.

"ఇద్దరం కలిసే చేసినమని చెప్దాం రా. ఏదైతే అది ఇద్దరికీ," అన్నాడు రూమ్మేట్ కారిడార్‌లో.

సరేనని లోపలికి వెళ్లాను. స్లైడ్లు వాడే తెచ్చాడని, అవి పాతవని నాకు తెలియనే తెలియదని చెప్పాను. నా తర్వాత వెళ్లిన వాడు మాత్రం ఇద్దరమనే చెప్పాడు. నేనేం చెప్పానో ఆమె వాడికి చెప్పేసింది. వాడికి సున్నా పడింది. నాకు ఆ పతనం గురించి సొంతంగా మూడు పేజీలు రాసుకొచ్చే అవకాశం దక్కింది.

లైబ్రరీలో కూర్చుని మొదటిసారి నిజంగా చదివాను. తలుపు తీసినవాడికంటే ముందే, పదవుల కోసం, బిరుదుల కోసం ఎంతమంది సర్దార్లు అవతలి శిబిరానికి నడిచిపోయారో తెలిసింది. ఏ రాజ్యమూ ఒక్కడి ద్రోహంతో కూలదని రాశాను. ఆ వాక్యం రాస్తుంటే నాకు ఎంత హాయిగా ఉందో! మార్కులు కూడా బాగానే వచ్చాయి.

సబ్జెక్టు తప్పి స్టేటస్ పోయినవాడు హైదరాబాద్‌కు టికెట్ తీసుకున్నాడు. బ్యాగు సర్దుకుంటూ ఆ పేజీలు అడిగి తీసుకున్నాడు. మంచం అంచున కూర్చుని ఆఖరిదాకా చదివాడు.

"మంచిగ రాసినవ్ రా. సుల్తాన్‌ను ఇడిచిపెట్టి చానా మంది పోయిన్రన్నవ్," అన్నాడు. "నాకైతే నువ్వొక్కనివే ఉంటివి."